నేను మాయం చేసిన నలభై ఒక్క డ్రమ్ములు

ఒక్క డ్రమ్మును కూడా ముట్టుకోకుండా, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, నలభై ఒక్క డ్రమ్ములను పట్టపగలు మాయం చేసిన ఆడపిల్లను మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ పిల్లను నేనే. ఒక్కో డ్రమ్ము బరువు పెళ్ళయిన ఏడాదికి మా అన్నయ్య తూగినంత ఉంటుంది. అలాంటివి నలభై ఒక్కటి గేటు దాటకుండా, లారీ ఎక్కకుండా హరించుకుపోయాయి. టోపీలో కుందేలును మాయం చేసి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు కనీసం చివర్లో కుందేలును తిరిగి చూపిస్తారు. నేను అదీ చేయలేక, ఒక పెద్దమనిషి టిఫిన్ డబ్బా తెరిపించాను. ఆ సిగ్గు కూడా దాచకుండా చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక్కచోట మాత్రం నాతోపాటు కాస్త తల వంచుకోండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పటాన్‌చెరులో హైవే పక్కన, టైర్ల దుకాణం పైన, మొదటి అంతస్తులో మా ఆఫీసు. ఫ్యాక్టరీల వాళ్ళు తమ కంప్యూటర్లలో వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. మొత్తం నలుగురం. కింద లారీ టైరుకు గాలి కొట్టినప్పుడల్లా పైన మా టీ కప్పులు వణికేవి. నేను మాత్రం వణికేదాన్ని కాదు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరైంది. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి చూసి, నాకు తెలియని విద్య ఈ భూమ్మీద ఇక పుట్టాలేమో అన్న ధీమాలో ఉన్నాను.

మా యజమాని మాధవ్ సార్ ఒకరోజు పిలిచి చెప్పారు. "సంధ్యా, పాశమైలారంల ఒక రంగుల ఫ్యాక్టరీ ఉన్నది. స్టోర్‌ల సరుకు ఎంతున్నది, ఏ షెడ్డోళ్ళు ఎంత తీస్కపోయిండ్రు, అంతా కాయిదం చీటీల మీదనే నడుస్తున్నది. దానికి సాఫ్ట్‌వేర్ కావాల్నట. ఈసారి పూర్తిగ నువ్వే చెయ్యి."

పూర్తిగా నేనే! ఆ మాట వినగానే నేను నేల మీద లేను. మెట్లు దిగి టైర్ల దుకాణం ముందు నుంచి బస్టాపుకు నడిచాను అంటారు చూసినవాళ్ళు. నాకైతే నడిచిన గుర్తు లేదు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆ స్టోరు చూసి తెరిచిన నోరు మూయడానికి కొంతసేపు పట్టింది. మా ఊరు హత్నూర వైపు ఎంత పెద్ద గోదాములో వడ్లు నింపినా అంత ఎత్తు చూడలేదు. పైకప్పు దాకా డ్రమ్ములు. వాటి సందుల్లో చిన్న చిన్న బాటలు. రేకుల సందుల్లోంచి పడే ఎండలో ఎర్రపొడి, పసుపుపొడి, నీలిపొడి తేలుతూ, గాలికి కూడా రంగు వేసినట్టుంది. ఆ బాటల మధ్య ఒక స్టూలు. స్టూలు మీద తెల్లగడ్డం, మోచేతుల దాకా రకరకాల రంగులు అంటిన చొక్కాతో ఒక మనిషి. ఆయనే స్టోర్‌కీపర్ జహంగీర్ భాయ్. ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నారు.

"చాచా, ఇన్నిట్ల ఏది యాడుందో ఎట్ల తెలుస్తది మీకు?" అని అడిగాను.

"రోజు చూస్తుంటే తెల్వదా బిడ్డా? నీకు మీ ఇంట్ల ఉప్పు డబ్బ ఎక్కడుంటదో ఎర్కలేదా?"

నిజం చెప్పాలంటే నాకు మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు. ఆ విషయం బయటపెట్టలేదు.

ఇప్పుడు కొంచెం సాంకేతిక విషయం చెప్పాలి. భయపడకండి, నాలుగు వాక్యాల్లో తేల్చేస్తాను. ఆ ఫ్యాక్టరీలో రెండు షెడ్లున్నాయి. షెడ్డుకో కంప్యూటరు, స్టోరులో ఒకటి, మేనేజరు గదిలో ఒకటి. సరుకు లెక్కంతా ఆఫీసు గదిలోని సర్వర్ అనే పెద్ద కంప్యూటరులో ఉంటుంది. ఈ చిన్న కంప్యూటర్లు ఆ లెక్కను ఎలా అందుకోవాలి అన్నదే నేను తేల్చాల్సిన సంగతి. దీన్నే మా వాళ్ళు డేటా ఆర్కిటెక్చర్ అని గొంతు బరువు చేసి పలుకుతారు.

ఒక పద్ధతిలో, ఎవరికి ఏ డ్రమ్ము కావాలన్నా ప్రతిసారీ సర్వర్‌ను అడగాలి. ఇందులో ఆలస్యం ఉంది. పైగా ఆ ఫ్యాక్టరీలో వెల్డింగ్ మిషను పెట్టినప్పుడల్లా నెట్‌వర్క్ పోయేది. రెండో పద్ధతిలో, పొద్దున్నే ప్రతి కంప్యూటరూ లెక్క మొత్తం కాపీ తీసుకుని తన దగ్గర పెట్టుకుంటుంది. రోజంతా ఎవరి కాపీ మీద వాళ్ళు పని చేసుకుంటారు. సాయంత్రం సేవ్ నొక్కితే కాపీ వెళ్ళి సర్వర్‌లో కూర్చుంటుంది. ఎంత వేగం! వెల్డింగ్ చేసుకుంటే చేసుకోనీ!

నేను రెండోదే ఎంచుకున్నాను. దాని మీద నలభై పేజీల ప్రజెంటేషన్ తయారుచేశాను. అందులో బాణాలే ముప్పై పేజీలు. మాధవ్ సార్ ఓపిగ్గా అన్ని బాణాలూ చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"మంచిగనే ఉన్నది గని, ఇద్దరు ఒక్కటేసారి ఒక్క డ్రమ్ము మీద చెయ్యేస్తే ఏమైతది?"

"సార్, గట్ల లక్షల ఒక్కసారి గూడ కాదు!"

"నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు సార్? లాజిక్‌గ ఆలోచిస్తే తెలుస్తది."

లాజిక్ అన్నానండీ. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలో వెలిగిన వెలుగుకు ఆఫీసులో లైటు ఆర్పేసినా నడిచేది. మాధవ్ సార్ ఇంకేదో అడగబోయారు కానీ, ఇంకో ఫ్యాక్టరీలో ఏదో ఆగిపోయిందని ఫోన్ రావడంతో హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయారు. వారం తర్వాత నేను ఫ్యాక్టరీ మేనేజరు గదిలో, ఒకే ఒక్క లాప్‌టాప్ మీద డెమో ఇచ్చాను. ఒక్క లాప్‌టాప్ మీద ఏ పద్ధతైనా బ్రహ్మాండంగా నడుస్తుంది. గొడవ పడడానికి పక్కన ఇంకో కంప్యూటరే ఉండదు కదా. మీట నొక్కడమే ఆలస్యం, లెక్క వచ్చి వాలింది. మేనేజరు ప్రభాకర్ సార్ చప్పట్లు కొట్టారు.

"వహ్వా! ఇగ కాయిదం చీటీలు బంద్!" అన్నారు.

"బంద్ సార్!" అన్నాను నేను. అన్నంత పనీ చేశాను. షెడ్డు సూపర్‌వైజర్ల దగ్గరున్న చీటీల పుస్తకాలన్నీ సేకరించి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి మూసేశాను. ఎవరైనా మళ్ళీ తెరుస్తారేమో అని టేపు రెండు చుట్లు వేశాను.

ఆ గదిలో చప్పట్లు కొట్టనివారు ఒక్కరే. తలుపు దగ్గర నిలబడి ఉన్న జహంగీర్ భాయ్.

"బిడ్డా, నేను మొదటి షెడ్డు మల్లేశంకు ఒక డ్రమ్ము ఇచ్చిన అనుకో. గది రెండో షెడ్డు అనసూయమ్మ కంప్యూటర్‌ల ఎప్పుడు కనవడతది?"

"సింక్ అయినంక కనవడతది చాచా."

"సింక్ ఎప్పుడైతది?"

"సేవ్ కొట్టినంక."

"సేవ్ ఎప్పుడు కొడ్తరు?"

"సాయంత్రం."

"మరి సాయంత్రం దాంక ఆమెకు ఆ డ్రమ్ము ఉన్నట్టే కనవడ్తది గద?"

నేను చిరునవ్వు నవ్వాను. పసిపిల్లలు చంద్రుణ్ణి పట్టివ్వమని అడిగినప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. "చాచా, గది మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఆర్కిటెక్చర్ చూస్కుంటది."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి సాఫ్ట్‌వేర్ మొదలైంది. కంప్యూటర్లన్నీ చక్కగా కాపీలు తీసుకున్నాయి. కొబ్బరికాయ కొట్టారు. నేను కొబ్బరి చిప్ప పట్టుకుని మేనేజరు గదిలో కూర్చున్నాను. లక్షలో ఒక్కసారి కూడా జరగదన్న సంఘటన ఎనిమిదీ నలభైకి జరిగింది. కొబ్బరి ముక్క ఇంకా నా నోట్లోనే ఉంది.

స్టోరు నుంచి కేకలు వినిపించి పరుగెత్తాను. ఎర్రరంగు డ్రమ్ముల వరుస ముందు మొదటి షెడ్డు సూపర్‌వైజరు మల్లేశం, రెండో షెడ్డు సూపర్‌వైజరు అనసూయక్క ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరి వెనకా ఒక్కో ఫోర్క్‌లిఫ్ట్ బండి, కొమ్ములు దించిన పొట్టేళ్ళలాగా.

"నా కంప్యూటర్‌ల పన్నెండు ఉన్నయి. ఎనిమిది నావి!" అన్నాడు మల్లేశం.

"నా కంప్యూటర్‌ల గూడ పన్నెండే ఉన్నయి తమ్మీ. ఏడు నావి!" అంది అనసూయక్క.

"పన్నెండుల ఎనిమిది, ఏడు ఎట్ల వస్తయక్కా?"

"గది నన్నెందుకు అడుగుతవు? గా కంప్యూటర్‌ను అడుగు!"

ఇద్దరూ నావైపు తిరిగారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి కంప్యూటర్లూ పొద్దున ఎనిమిదింటి లోకంలో ఉన్నాయి. అక్కడ ఎవరూ ఇంకా ఏమీ తీసుకోలేదు; పన్నెండు డ్రమ్ములూ కన్యల్లాగా నిలబడి ఉన్నాయి. బిహార్ నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు కిందికి దిగి, డ్రమ్ములు లెక్కపెట్టి, "మేడం, మాల్ బారా హై. కంప్యూటర్ మే చౌబీస్ హై క్యా?" అని, సరుకు పన్నెండే ఉంది, కంప్యూటరులో ఇరవై నాలుగుందా అని, ఎంతో వినయంగా అడిగాడు.

గొడవ తీర్చింది జహంగీర్ భాయే. మల్లేశం మిక్సరు అప్పటికే తిరుగుతోంది కాబట్టి అతనికి ఎనిమిది ఇచ్చారు. మిగిలిన నాలుగూ అనసూయక్కకు ఇచ్చి, ఆమె కంప్యూటరులో ఏడును నాలుగు చేయించారు. నాకు ధైర్యం చెప్పడం కూడా ఆయనే చేశారు. "మొదటిరోజు గద బిడ్డా, అయితది."

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. నెమ్మదిగా మిగిలిన కొబ్బరి తిన్నాను.

సాయంత్రం నాలుగింటికి మల్లేశం సేవ్ నొక్కి, షిఫ్టు అయిపోయిందని బండి వేసుకుని ఇంటికి బయలుదేరాడు. నాలుగూ పదికి అనసూయక్క సేవ్ నొక్కింది. నాలుగున్నరకు ప్రభాకర్ సార్ ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నారు. "ఫస్ట్ డే కద, కంప్యూటర్ లెక్క, స్టోర్ లెక్క ఒక్కసారి పోల్చి చూద్దాం."

పోల్చారు. కంప్యూటరు లెక్క ప్రకారం స్టోరులో ఉండాల్సిన డ్రమ్ముల్లో నలభై ఒకటి లేవు. ఎర్రవే ఎనిమిది ఉండాలంటోంది కంప్యూటరు. ఆ వరుసలో నేల మీద ఎర్రటి వలయాలు తప్ప ఏమీ లేవు. రెండోసారి లెక్కపెట్టారు. సెక్యూరిటీ గార్డు మూడోసారి లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

"జహంగీర్ భాయ్, ఏంది ఇది?" ప్రభాకర్ సార్ గొంతు మారింది.

"ఇచ్చిన సార్. మల్లేశంకు ఇచ్చిన."

"నిజమే సార్, ఎర్రవి ఎనిమిది మల్లేశం నా ముంగటనే తీస్కపోయిండు," అంది అనసూయక్క.

"మరి కంప్యూటర్‌ల మల్లేశం పేరు మీద ఒక్కటి గూడ ఎందుకు లేదు?"

మల్లేశానికి ఫోన్ చేశారు. ఎత్తలేదు. చీటీలు చూద్దామా అంటే, చీటీలు రెండు చుట్ల టేపు కింద ఉన్నాయి. ఆ రోజు రాసిన చీటీ ఒక్కటీ లేదు. అందరూ నావైపు చూశారు. ఇదిగో, మీరు తల వంచుకోవాల్సిన చోటు ఇదే. నేను గొంతు సవరించుకుని, చదువుకున్నదాన్నన్న ఠీవి ఏమాత్రం తగ్గకుండా అన్న మాట ఇది:

"సార్, ఆయన తీస్కుంటే కంప్యూటర్‌ల ఉండాలె. కంప్యూటర్‌ల లేదంటే తీస్కోలేదన్నట్టే."

కళ్ళారా చూసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. ఎనిమిది డ్రమ్ములు పట్టుకెళ్ళిన బండి చక్రాల గుర్తులు నేల మీదే ఉన్నాయి. అయినా నేను ఆ మాట అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా పళ్ళు తోముకుంటూ ఉండగా ఉన్నట్టుండి ఆ మాట గుర్తొస్తుంది. బ్రష్ నోట్లోనే ఆగిపోతుంది.

ఏదైనా తక్కువ పడితే స్టోరులో ఉన్నవాళ్ళ సంచులు చూడాలని ఆ ఫ్యాక్టరీ నియమం. గార్డు జహంగీర్ భాయ్ సంచి అందుకున్నాడు. లోపల ఒక తువ్వాలు, కళ్ళజోడు పెట్టె, మూడు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బా. నియమం నియమమే కాబట్టి, గార్డు తల దించుకుని ఆ డబ్బా కూడా విప్పాడు. ఒక గిన్నెలో మిగిలిన బగారా అన్నం, ఒకదాంట్లో రెండు పచ్చిమిర్చి తొడిమలు, మూడోది ఖాళీ.

"ఇంకేం చూస్తవు భాయ్?" అన్నారు జహంగీర్ భాయ్ గార్డుతో, మెల్లగా. "మూడో గిన్నెల డ్రమ్ము పట్టదు. పప్పు తెచ్చుకున్న అండ్ల."

ఎవరూ నవ్వలేదు. గార్డు గిన్నెలను సరిగ్గా పేర్చలేక తంటాలు పడుతుంటే అనసూయక్క లాక్కుని తనే పేర్చింది. ప్రభాకర్ సార్ కిటికీ వైపు చూస్తున్నారు. జహంగీర్ భాయ్ కోప్పడతారేమో, ఏడుస్తారేమో, ఉద్యోగానికో దండం అని వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ఆయన వెళ్ళి తన స్టూలు మీద కూర్చుని నన్ను పిలిచారు.

"బిడ్డా, పెన్ను తీస్కో. నేను చెప్త, నువ్వు రాసుకో."

"ఏం రాయాలె చాచా?"

"పొద్దున సంది మల్లేశంకు ఏమేం ఇచ్చిన్నో గది."

కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. "ఎనిమిది దాటి పది నిమిషాలకు తెల్లయి మూడు. అండ్ల ఒకదాని మూత వంగిండె, మార్చి ఇంకోటి ఇచ్చిన. తొమ్మిదికి జెర ముందు ఎర్రయి ఎనిమిది, గా లొల్లి అయింది గద, గవి. తొమ్మిదింబావుకు పసుపువి రెండు. మల్లేశం చాయ్ తాగుకుంట వచ్చిండు, డ్రమ్ము మీద కప్పు పెడితె కోపం చేసిన..."

ఆయన చెబుతూ పోయారు, నేను రాస్తూ పోయాను. ఏ డ్రమ్ము, ఎన్ని గంటలకు, ఏ వరుసలోంచి, తీసుకెళ్ళిన డ్రైవరు ఎవరు, అప్పుడు వాన తుంపర పడుతోందా ఎండ కాస్తోందా, అన్నీ. మధ్యలో ఒక్కసారి కూడా తడుముకోలేదు. నా చెయ్యి నొప్పి పుట్టింది కానీ ఆయనకు గుర్తుకు రాకపోవడం అన్నది రాలేదు. చివరికి కళ్ళు తెరిచి, "గంతే. నలభై ఒకటి," అన్నారు.

ఆ నలభై ఒకటి అంకె నేను ఆయనకు చెప్పలేదు. లెక్కపెట్టేటప్పుడు ఆయన వినలేదని కూడా అనలేను. అందుకే నాలో ఇంకా చావని ఆ లాజిక్ పిల్ల, సరే చూద్దాం అని లేచింది. నేను ఆ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఒకే ఒక్క మంచిపని ఏమిటంటే, ఏ కంప్యూటరులో ఎవరు ఏ మీట నొక్కినా, ఎప్పుడు నొక్కారో ఆ కంప్యూటరులోనే ఒక మూల రాసిపెట్టేలా చేశాను. తప్పులు వెతుక్కోవడానికి పెట్టుకున్నాను అది. మొదటి షెడ్డుకు పరుగెత్తి మల్లేశం కంప్యూటరు తెరిచాను.

ఎనిమిదీ పదకొండు, తెల్లవి మూడు. ఎనిమిదీ యాభై, ఎర్రవి ఎనిమిది. తొమ్మిదీ పదహారు, పసుపువి రెండు.

ఒక్కో వరుస కిందికి దిగాను. ఒక చేతిలో ఆయన చెప్పగా రాసిన కాగితం, ఎదురుగా తెర. రెండు మూడు నిమిషాల తేడా తప్ప అన్నీ అవే. గడియారం వైపు చూడకుండా, కలం పట్టకుండా ఒక మనిషి రోజంతటినీ తలలో ఇంత శుభ్రంగా ఎలా మోశాడు? మా సర్వర్ గదికి ఏసీ పెట్టాల్సి వచ్చింది. ఈయన స్టూలుకు ఫ్యాను కూడా లేదు.

ఒక్కచోట మాత్రం ఇద్దరికీ పొత్తు కుదరలేదు. కంప్యూటరులో నీలిరంగువి నాలుగు అని ఉంది. కాగితంలో మూడు. కంప్యూటరు మొత్తం నలభై రెండు. దొరికారు చాచా, ఒకచోట పొరబడ్డారు అనుకుంటూ తిరిగి వచ్చాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కాస్త సంతోషంగానే వచ్చాను.

"చాచా, నీలియి మూడు కాదు, నాలుగు."

"నాలుగు కొట్టిండు. మూడే తీస్కున్నడు. ఒకటి వద్దన్నడు, గా తూర్పు మూలకు పెట్టిచ్చిన, రా." లేచి ముందు నడిచారు. అటు తిరిగి, ఇటు తిరిగి, ఒక సందులోకి తీసుకెళ్ళారు. తూర్పు మూలలో, ఒంటరిగా, మూత మీద సుద్దతో గీసిన గీతతో ఒక నీలిరంగు డ్రమ్ము. నేను దాని మీద చెయ్యి వేసి చూశాను.

నేను రాసిన సాఫ్ట్‌వేర్ నలభై రెండంటోంది. స్టోరులో లేనివి నలభై ఒకటి. చాచా చెప్పింది నలభై ఒకటి.

మరి మల్లేశం నొక్కినవన్నీ సర్వర్‌లోంచి ఎలా పోయాయి? ఆ ప్రశ్నకు జవాబు నాకు ఆ మూలలోనే, ఆ డ్రమ్ము పక్కనే తట్టింది. నాలుగింటికి మల్లేశం కాపీ వెళ్ళి సర్వర్‌లో కూర్చుంది. నాలుగూ పదికి అనసూయక్క కాపీ వెళ్ళి, దాన్ని లేపేసి, తను కూర్చుంది. ఆమె కాపీలో ఆమె తీసుకున్నవి మాత్రమే ఉన్నాయి. మిగతాదంతా పొద్దున ఎనిమిదింటి బొమ్మే. ఎవరు చివర సేవ్ నొక్కితే వాళ్ళదే నిజం అయ్యేలా, మిగిలినవాళ్ళ రోజంతా తుడిచిపెట్టుకుపోయేలా నేనే రాశాను. అనసూయక్క వేలు మీట మీద పడగానే మల్లేశం పని దినం ఈ ప్రపంచంలో జరగకుండా పోయింది.

ప్రభాకర్ సార్ గదికి వెళ్ళాను.

"సార్, దొంగ దొరికింది."

ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "ఎవరు?"

"నేనే సార్."

సరిగ్గా అప్పుడే మల్లేశం నుంచి ఫోన్ వచ్చింది. ప్రభాకర్ సార్ స్పీకర్‌లో పెట్టారు. "సార్, బండి మీద ఉన్న, చూస్కోలే. ఏంది, డ్రమ్ములా? నలభై ఒకటి నేనే గద తీస్కున్న! ఇప్పుడవి యాడుంటయి, రంగంత చేసి లారీకి ఎక్కించినం!"

ప్రభాకర్ సార్ ఫోన్ పెట్టేశారు. తర్వాత స్టోరుకు నడిచారు, నేను వెనకే. అందరి ముందూ జహంగీర్ భాయ్ చేతులు పట్టుకున్నారు. "మాఫ్ చెయ్యి భాయ్. కంప్యూటర్ మాట విన్న, నీ మాట ఇనలే."

నేను కూడా ఏదో అనాలని నోరు తెరిచాను. కళ్ళనీళ్ళు మాత్రం వచ్చాయి.

"ఏడ్వకు బిడ్డా, పౌడర్ ఎగురుతున్నది, మొఖమంత ఎర్రగైతది," అన్నారు జహంగీర్ భాయ్. అప్పటికే అయిందట. ఆ రోజు బస్సులో అందరూ నన్ను ఎందుకు అలా చూశారో ఇంటికెళ్ళి అద్దం చూసుకున్నాక అర్థమైంది.

మర్నాడు మాధవ్ సార్‌కు అంతా చెప్పాను. తిట్లకు సిద్ధపడి వెళ్ళాను. ఆయన తిట్టలేదు, శిక్ష వేశారు. "వారం రోజులు ఆ స్టోర్‌ల కూసో. కంప్యూటర్ ముట్టకు. ఊకెనే చూడు."

జహంగీర్ భాయ్ నాకోసం ఇంకో స్టూలు తెప్పించారు. ఆ వారంలో నేను చూసింది ఇది. ఎవరైనా డ్రమ్ము కోసం వస్తే ఆయన ఆ డ్రమ్ము మీద చెయ్యి వేసేవారు. ఎత్తుకుపోయే బండి వచ్చి కొమ్ములు కింద పెట్టేదాకా ఆ చెయ్యి తీసేవారు కాదు. ఆలోగా ఇంకెవరు వచ్చి అడిగినా, "చెయ్యి ఉన్నది గద, కనవడతలేదా?" అనేవారు. కానీ అడిగినవాడు డ్రమ్మును వదిలి చాయ్‌కి వెళ్ళాడో, వెంటనే చెయ్యి తీసేసేవారు. "ఆడు చాయ్ తాగి వచ్చేదాంక నేను చెయ్యేసి కూసుంటే మిగిలినోళ్ళ పని నడవొద్దా?"

నేను నాలుగేళ్ళు కాలేజీలో చదివాను. ఈ రెండు మాటలూ అక్కడ రెండు పెద్ద పుస్తకాల్లో ఉన్నాయి. నేను పరీక్ష రాసి పాసయ్యాను కూడా. అర్థమైంది మాత్రం ఆ స్టూలు మీదే.

నెల రోజుల్లో సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగరాశాను. లెక్క ఇక సర్వర్ ఒక్కచోటే ఉంటుంది. షెడ్డు వాళ్ళు చూసేది అప్పటికప్పుడు తెచ్చిన లెక్క. డ్రమ్ము తీసుకుంటున్నామని మీట నొక్కగానే, వాళ్ళు చూసిన తర్వాత ఇంకెవరైనా ఆ లెక్క మార్చారా అని సర్వర్ సరిచూస్తుంది. మార్చి ఉంటే ఇవ్వదు, మళ్ళీ చూసుకోమంటుంది. వెల్డింగ్ షెడ్డుకు దూరంగా కొత్త వైరు వేయించాం. నెట్‌వర్క్ పోయిన రోజు కోసం, సిగ్గు విడిచి, అట్టపెట్టె టేపు కోసి చీటీల పుస్తకాలు బయటికి తీశాను. రెండు చుట్లు వేసినందుకు గోరు విరిగింది.

అంతా బాగుంది. ఒక్క చిక్కు మిగిలింది. ఇవ్వనని చెప్పేటప్పుడు కంప్యూటరు తెర మీద కనబడడానికి నేను ఒక వాక్యం రాశాను. "మీరు వీక్షించిన సమాచారము మరియొక వినియోగదారునిచే సవరించబడినది. దయచేసి పునఃప్రయత్నించుడు."

మొదటిసారి అది కనబడగానే మల్లేశం నాకు ఫోన్ చేశాడు. "మేడం, కంప్యూటర్‌కు ఏదో అయింది. పురాణం చెప్తున్నది!"

జహంగీర్ భాయ్ ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని విన్నారు. "గింత కష్టమెందుకు బిడ్డా? నేనైతే 'ఆగు బిడ్డా, ఇప్పుడే వేరేటోళ్ళు తీస్కపోయిండ్రు, జెర మళ్ళ చూడు' అంట. గంతే."

ఆయన అన్నది అన్నట్టే టైపు చేశాను. షెడ్లలో అందరికీ నచ్చింది.

రెండు నెలల తర్వాత ఫ్యాక్టరీ యజమాని వచ్చారు. ఏడాదికి రెండుసార్లు వస్తారు ఆయన. ఆయన కారు గేటులోకి రాగానే ప్రభాకర్ సార్ చొక్కా పై గుండీ కూడా పెట్టుకుంటారు. ఆయన మాటకు ఎదురన్నది ఆ ఆవరణలో ఎవరూ ఎరగరట. నన్ను కూడా పిలిపించారు. ఆ పెద్దాయన మేనేజరు కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, "నేనే ఒక డ్రమ్ము తీస్త, చూద్దాం," అని మౌస్ పట్టుకున్నారు. ఆకుపచ్చ రంగు ఎంచుకున్నారు. నొక్కారు. రెండో షెడ్డులో అనసూయక్క అప్పుడే, సరిగ్గా ఆయన కంటే అర నిమిషం ముందు, అదే ఆకుపచ్చ డ్రమ్ము తీసుకుంది.

తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి.

ఆగు బిడ్డా! ఇప్పుడే వేరేటోళ్ళు తీస్కపోయిండ్రు. జెర మళ్ళ చూడు.

ప్రభాకర్ సార్ గుండీ దానంతట అదే ఊడింది. ఆ పెద్దాయన ముందుకు వంగి చదివారు. ఇంకోసారి చదివారు. తర్వాత, అరవై దాటిన ఆ మనిషి, మౌస్ మీంచి చెయ్యి తీసి బుద్ధిగా ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎవరు రాసిండ్రు ఇది?"

"టైపు చేసింది నేను సార్. చెప్పింది మా స్టోర్ జహంగీర్ చాచా," అన్నాను.

ఆయన మౌస్ అందుకున్నారు. మళ్ళీ చూశారు. ఇంకో మూడు ఆకుపచ్చ డ్రమ్ములున్నాయి. ఒకటి తీసుకున్నారు. ఈసారి ఇచ్చింది. "మంచిగుంది," అని లేచి వెళ్ళిపోయారు. కారు గేటు దాటాక నేను ప్రభాకర్ సార్ దగ్గరికి పరుగెత్తాను.

"సార్, ఈరోజే మారుస్త సార్! మర్యాదగ రాస్త!"

"ముట్టుకున్నవంటే చూడు!" అన్నారాయన, చెమట తుడుచుకుంటూ. "పదిహేనేండ్ల సంది ఈడ పనిచేస్తున్న. గా మనిషి ఆగుడు ఇయ్యాలనే చూసిన!"

కాబట్టి చదువరులారా, మా ఆఫీసు ఇన్వర్టరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ ఫ్యాక్టరీకైనా, ఏ దుకాణానికైనా, డేటా ఎలా అందుకోవాలో తేల్చేముందు అక్కడి మనిషి పక్కన వారం రోజులు నోరు మూసుకుని కూర్చుంటాను. అలా కూర్చోకుండా ఒక్క బాణం గీసినా, ఆ రోజు నా మధ్యాహ్నం భోజనాన్ని ఇంకెవరైనా సేవ్ నొక్కి తుడిచిపెట్టేయుదురు గాక.